ఒక ఇంటి జాగాలో నాలుగు సంసారాలు: తిరుపతి శివార్లలో ఒక కేస్ స్టడీ

2022 సంక్రాంతి అయిన వారానికి, తుమ్మలగుంట వైపు ఒక కాలనీ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. టీటీడీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. "ఒకసారి ఇల్లు చూసిపోవాల సార్, మొన్నటి వానలకు గోడలన్నీ నెమ్మెక్కినాయి" అన్నారు.

వెళ్లి చూస్తే సమస్య నెమ్ము ఒక్కటే కాదు. 1994లో కట్టిన ఇల్లు. 60 అంకణాల జాగా. మన తిరుపతి లెక్కలో అంకణానికి 36 చదరపు అడుగులు కాబట్టి 2,160 అడుగులు, అంటే 240 గజాలు. నెల్లూరు అంకణం దీనికి రెట్టింపు. బయటి ఊరివాళ్లు ఇక్కడ స్థలం కొనేటప్పుడు పొరబడేది ఇక్కడే. రోడ్డు వెంబడి 36 అడుగులు, లోపలికి 60 అడుగులు. తూర్పున 30 అడుగుల రోడ్డు. మధ్యలో వెయ్యి అడుగుల ఇల్లు, చుట్టూ కొబ్బరి చెట్లు, కరివేపాకు, వెనక బట్టలుతికే బండ. అంత ఇంట్లో ఉండేది భార్యాభర్తలిద్దరే.

కూతురు ఇదే ఊళ్లో ఒక ఆసుపత్రిలో నర్సు. అల్లుడిది రేణిగుంట వైపు ఫ్యాక్టరీ ఉద్యోగం. వాళ్లు ఇద్దరు పిల్లలతో కొర్లగుంటలో మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లు. కొడుకు బెంగళూరులో. పెద్దాయనకు మోకాళ్ల నొప్పులు, ఆమెకు షుగరు. రాత్రిపూట ఏదైనా అయితే కూతురు ఊరి ఆ చివర నుంచి రావాలి. ఇల్లు బాగుచేయించడం గురించి మొదలైన మాట, రెండో కాఫీ అయ్యేసరికి "ఈ జాగాలో మేమంతా ఉండే దారేదన్నా ఉందా" అనే దగ్గరికి వచ్చింది.

నేను సివిల్ ఇంజనీర్ని, ప్లాన్లకు సంతకం పెట్టే లైసెన్సు ఉన్నవాణ్ణి. తిరుపతి చుట్టుపక్కల ఇరవై ఏళ్లుగా ఇళ్లు కట్టిస్తున్నాను. ఈ ఒక్క ఇంటి గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మన ఊళ్లో ఇప్పుడు కడుతున్నవి రెండే రకాలు: ఒక కుటుంబానికి ఒక ఇండిపెండెంట్ ఇల్లు, లేదా ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. ఈ రెంటికీ మధ్యలో ఉండాల్సిన ఇల్లు, ఒక మామూలు ప్లాట్‌లో మూడు నాలుగు సంసారాలు గౌరవంగా బతికే ఇల్లు, కనపడకుండా పోతోంది. ఒకప్పుడు అది మనదే. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఒక పోర్షన్ల ఇంట్లో నేను పెరిగాను. వరసగా ఐదు వాకిళ్లు, నడుమ ఒక బావి, వెనక రెండు మరుగుదొడ్లు. ఆ ఇంట్లో నాకు అత్తలు, పెద్దమ్మలు అయినవాళ్లలో ఎవరూ చుట్టాలు కారు. అదే ఇంట్లో నీళ్ల దగ్గర జరిగిన గొడవలూ నాకు గుర్తున్నాయి. అందుకే ఈ తరహా ఇంటిని తిరిగి తేవాలంటే ముందు ఆ గొడవలను ప్లాన్‌లోనే పరిష్కరించాలని నా నమ్మకం.

మొదట వచ్చిన మూడు ఆలోచనలు

పెద్దాయన ఆలోచన తేలికైనది: ఉన్న ఇంటి మీద ఒక అంతస్తు వేయడం. "అప్పట్లోనే రెండంతస్తులకు పునాది వేయించినా" అని ఆయన గట్టిగా అన్నారు. ఈ మాట నేను వినని ఇల్లు లేదు. రెండు మూలల్లో గుంతలు తవ్వించాం. రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు రాతి కట్టడం, మీద తొమ్మిదంగుళాల ఇటుక గోడలు. ఒక్క పిల్లర్ లేదు. పైగా నీళ్లు రోజుల తరబడి నిలిచిన చోట పునాది కింద మట్టి మెత్తబడింది. అబద్ధం ఆయనది కాదు, ఆ రోజు మేస్త్రీ ఏం చెప్పాడో అదే నమ్మారు. పెద్దాయన ఆ గుంతలో దిగి రాళ్లను చేత్తో తాకి చూసి, పైకొచ్చి చాలాసేపు మాట్లాడలేదు.

కొడుకు ఆలోచన వేరు. ఇంటిని పడగొట్టి పది పన్నెండు గదులు వేసి, కొండకు వచ్చే భక్తులకు రోజువారీ అద్దెకివ్వడం. తిరుపతిలో ఈ ఆశ ఎవరికైనా కలుగుతుంది. లెక్క వేస్తే నెలవారీ అద్దె కంటే చాలా ఎక్కువ కనపడుతుంది. నేను వద్దన్నాను. నా కారణాలు ఆ రోజు చెప్పినవే ఇక్కడా రాస్తాను. నివాసమని అనుమతి తీసుకుని లాడ్జి నడపడం మొదటి తప్పు. రెండోది, రాత్రి రెండింటికి టాక్సీ దిగేవాళ్లు, తెల్లారుజామున కొండకు బయల్దేరేవాళ్లు ఉండే ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న ఇద్దరు ముసలివాళ్లు నిద్రపోలేరు. మూడోది, ఇలా ఒక్కో ఇల్లూ గదులుగా మారిపోతే ఈ ఊళ్లో పనిచేసే నర్సు, లెక్చరర్, ఫ్యాక్టరీ కార్మికుడు ఎక్కడుండాలి? యూనివర్సిటీలు, స్విమ్స్, రుయా ఆసుపత్రులు, ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ విద్యాసంస్థలు, రేణిగుంట చుట్టూ ఫ్యాక్టరీలు, అన్నీ మనుషుల్ని తెస్తూనే ఉన్నాయి. వాళ్లకు కావాల్సింది ఒక వంటగది, ఒక పడకగది, పిల్లల్ని బడికి పంపగల వీధి.

మూడో ఆలోచన ఒక బిల్డర్‌ది. పక్క ప్లాటు కూడా కలుపుకుని డెవలప్‌మెంటుకిస్తే సగం సగం వాటా అన్నాడు. పక్కింటాయన ఒప్పుకోలేదు. దాంతో ఆ మాట అక్కడే ఆగింది.

అమెరికాలో తలుపు వేరు, మన తలుపు వేరు

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. అమెరికాలో ఇలాంటి చిన్న చిన్న బహుళ కుటుంబ ఇళ్లకు డానియల్ పరోలెక్ అనే ఆర్కిటెక్ట్ 2010లో ‘మిస్సింగ్ మిడిల్’ అని పేరు పెట్టారు. అక్కడి శివారు నగరాల్లో చాలాచోట్ల ఒక ప్లాటులో ఒకే కుటుంబం ఉండాలని జోనింగ్ నిబంధన ఉండేది. 2019లో ఒరెగాన్ రాష్ట్రం చట్టం చేసి, జనాభా 10 వేలు దాటిన పట్టణాల్లో రెండిళ్లకు, 25 వేలు దాటిన నగరాల్లో నాలుగిళ్ల వరకు దారి తెరిచింది. మినియాపోలిస్ నగరం 2020 నుంచి అలాంటి ప్లాట్లలో మూడు కుటుంబాల దాకా అనుమతించింది. వాళ్ల పోరాటమంతా చట్టం వేసిన తాళం తీయడానికే.

మన దగ్గర ఆ తాళం లేదు. 240 గజాల్లో నాలుగు పోర్షన్లు కడతామంటే నిబంధనలు కాదనవు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ, ఎత్తు, పార్కింగ్ సరిపోతే చాలు. మన అడ్డంకులు ప్లాన్ ఆఫీసులో ఉండవు. మోటారు దగ్గర, మీటరు బోర్డు దగ్గర, మెట్ల దగ్గర, దస్తావేజుల్లో, పక్కింటివాళ్ల మనసులో ఉంటాయి. అందువల్ల బయటి దేశాల పాఠాలు మనకు సగమే పనికొస్తాయి. మిగతా సగం మనమే రాసుకోవాలి.

కాగితం మీద గీసిన గీత

ప్లాన్ గీయకముందే నేనొక పని చేశాను. తెల్ల కాగితం మధ్యలో గీత గీసి, ఎడమ వైపు ‘కలిపి’, కుడి వైపు ‘విడిగా’ అని రాసి, పెద్దాయన, ఆయన భార్య, కూతురు, అల్లుడు నలుగురి ముందు పెట్టాను. కొడుకును వీడియో కాల్‌లో ఉంచాం. ఇంట్లో ఏదేది కలిపి వాడుకోవాలి, ఏదేది ఎవరిది వాళ్లకు ఉండాలి అన్నది మాత్రమే ప్రశ్న. గంటన్నర పట్టింది. గదుల కొలతల మీద కూడా అంత చర్చ జరగలేదు.

అందరికంటే ముందు మాట్లాడింది పెద్దాయన భార్య. "ఎన్ని పోర్షన్లన్నా ఎయ్ నాయనా, నా వాకిలి నాకు ఉండాల. పొద్దున్నే లేసి నీళ్లు జల్లి ముగ్గేసుకునేదానికి ఇంకొకరి కార్లు అడ్డం ఉండకూడదు. తులసికోట నా కండ్ల ముందర ఉండాల." ఆ మాటతో కింది అంతస్తు ప్లాన్ సగం తేలిపోయింది. అప్పటివరకు నా మనసులో ఉన్నది రోడ్డు వైపు మొత్తం పార్కింగ్, వెనక పెద్దవాళ్ల పోర్షన్. అలా కట్టి ఉంటే ఆమె వాకిలి శ్లాబు కింద, కార్ల వెనక పడేది.

‘కలిపి’ కింద చివరికి మిగిలినవి: గేటు, మెట్లు, సంపు, బోరు, టెర్రస్‌లో సగం. ‘విడిగా’ కింద: వాకిలి, కరెంటు మీటరు, పైన నీళ్ల ట్యాంకు, బట్టలు ఆరేసుకునే తీగ, చెప్పుల స్టాండు, గ్యాస్ సిలిండర్ పెట్టే చోటు. చిన్న విషయాల్లా కనపడతాయి. కానీ నేను చూసిన తగాదాలన్నీ వీటిలో ఏదో ఒక దాని దగ్గరే పుట్టాయి. కొన్నేళ్ల కిందట ఇంకో కాలనీలో నేను ప్లాన్ ఇచ్చిన మూడు పోర్షన్ల ఇంట్లో, ఒకే ట్యాంకు పెట్టాం. ఒక ఇంట్లో వాషింగ్ మెషిన్ రోజుకు రెండుసార్లు తిరిగేది, పై పోర్షన్‌లో ఉన్నది ఒంటరి మనిషి. బిల్లు మూడు సమాన భాగాలు. ఆరు నెలలకే ఆ ముగ్గురి మధ్య మాటల్లేవు. ఇద్దరు సొంత అన్నదమ్ములు. ఆ తప్పు నాది, ఎందుకంటే ట్యాంకు ఒకటే చాలని చెప్పింది నేనే.

ప్లాన్

రోడ్డు వైపు 10 అడుగులు, మిగతా మూడు వైపులా 5 అడుగుల చొప్పున వదిలాం. కట్టడానికి మిగిలింది 26 అడుగుల వెడల్పు, 45 అడుగుల లోతు, అంటే అంతస్తుకు 1,170 అడుగులు. ఆ రోజుకు అమల్లో ఉన్న నిబంధనలు ఎంత అడిగాయో చూసుకునే వదిలాం. సెట్‌బ్యాక్ (చుట్టూ వదిలే ఖాళీ) అంకెలు జీవోలతో మారుతుంటాయి కాబట్టి ఈ కొలతలను ఎవరూ తమ ప్లాటుకు గుడ్డిగా వాడొద్దు.

కింది అంతస్తును నిలువుగా చీల్చాం. ఉత్తరం వైపు 14 అడుగుల వెడల్పున పెద్దవాళ్ల పోర్షన్, సుమారు 620 అడుగులు. తూర్పు వాకిలి, ముందు పదడుగుల ఖాళీలో ముగ్గు, తులసికోట. దక్షిణం వైపు 12 అడుగుల వెడల్పున పార్కింగ్, దాని చివర మెట్లు. మొదటి అంతస్తులో రెండు సింగిల్ బెడ్‌రూం పోర్షన్లు, ఒకటి రోడ్డు వైపు, ఒకటి వెనక, ఒక్కోటి 520 అడుగులు. రెండో అంతస్తు మొత్తం కూతురికి, 1,040 అడుగుల డబుల్ బెడ్‌రూం. నేల నుంచి టెర్రస్ దాకా ఎత్తు 10 మీటర్లలోపే.

పార్కింగ్‌లో కార్లు ఒకదాని వెనక ఒకటి తప్ప పక్కపక్కన పట్టవు. ఆమె వాకిలికి మేం చెల్లించిన ధర అది. ఇప్పటికీ ఆ బేరం సరైనదే అంటాను, కానీ రోజూ ఇబ్బంది పడేది వాళ్లు, నేను కాదు కాబట్టి ఈ మాట వాళ్లకు ముందే రాసి ఇచ్చాను.

మెట్ల మీద నేను పట్టుబట్టాను. శివార్లలో చిన్న ఇళ్లలో అందరూ జాగా మిగిల్చుకునేది మెట్ల దగ్గరే. రెండున్నర అడుగుల వెడల్పు, ఎనిమిదంగుళాల ఎత్తుతో నిచ్చెనలా కట్టేస్తారు. నాలుగు సంసారాలు వాడే మెట్లు అలా ఉంటే ఫ్రిజ్ ఎక్కదు, గర్భిణి దిగలేదు, అత్యవసరంలో స్ట్రెచర్ తిరగదు. ఇక్కడ వెడల్పు 3 అడుగుల 9 అంగుళాలు. అంతస్తుకు 19 మెట్లు, ఒక్కో మెట్టు ఎత్తు 6.3 అంగుళాలు, అడుగు పెట్టే చోటు పదిన్నర అంగుళాలు. దీనికి 124 అడుగులు పోయాయి. అల్లుడు అడిగాడు, "సార్, ఇందులో ఇంకో చిన్న గది వచ్చేది కదా" అని. వచ్చేది. కానీ మెట్లు ఎవరి గదీ కాదు, అందుకే దాని తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి.

ఇక వాస్తు. నాలుగు పోర్షన్లకూ తూర్పు వాకిలి ఎవరివల్లా కాదు. పెద్దవాళ్లకు, కూతురికి వాళ్లు కోరినట్టు ఇచ్చి, అద్దె పోర్షన్లలో ముందుదానికి పడమర వాకిలి పెట్టాం. మెట్లు నైరుతి వైపు, బోరు, సంపు ఈశాన్యంలో వచ్చాయి కాబట్టి పెద్దగా పేచీ రాలేదు. వాస్తు కోసం గాలిని వదులుకోవద్దని మాత్రం అందరికీ చెబుతాను. ప్రతి పడకగదికీ బయటి గోడకు కిటికీ ఉంది. ఇదొక్కటీ రాజీ పడలేదు.

పోర్షన్ల మధ్య గోడ తొమ్మిదంగుళాలు. నాలుగున్నర అంగుళాల గోడకు అటు టీవీ, ఇటు చదువుకునే పిల్లలు ఉంటే ఏమవుతుందో అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. బాత్రూంలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పెట్టాం. పైపుల లెక్క తేలిక అవుతుంది, ఎవరి పడకగది మీదా వేరేవాళ్ల నీళ్లు పోవు అని అనుకున్నాను. ఒక చోట ఆ లెక్క తప్పింది, అది తర్వాత చెబుతాను.

నీళ్లు

2021 నవంబరు వానల గుర్తు ఆ ఇంటి గోడ మీద ఉంది, మోకాలి ఎత్తున ఒక మరక. వీధిలో నీళ్లు పాత సంపులోకి దిగి, మురుగు కలిసి, వారం రోజులు క్యాన్ నీళ్లతోనే గడిపారట. ఆ వరదల తర్వాతే దగ్గర్లోని ఎం.ఆర్.పల్లి శ్రీకృష్ణ నగర్‌లో భూమిలోని సిమెంటు నీళ్ల తొట్టె శుభ్రం చేస్తుండగా అమాంతం పైకి లేచింది. ఊరంతా వింతగా చెప్పుకున్నారు. పెద్దామె భయం కూడా అదే: "మన సంపు కూడా అట్ల లేస్తే ఏం జేసేది?"

భయపడాల్సిన వింత కాదు అది. నేల నీళ్లతో నిండిపోయినప్పుడు భూమిలో ఉన్న ఖాళీ తొట్టె పడవలాంటిది. లోపల నీళ్ల బరువు లేకపోతే చుట్టూ ఉన్న నీరు దాన్ని పైకి తోస్తుంది. కాబట్టి రెండు జాగ్రత్తలు తీసుకున్నాం. సంపు అడుగు శ్లాబును గోడల కంటే అడుగు బయటికి పొడిగించాం, దాని మీద కూర్చునే మట్టి బరువు సంపును పట్టి ఉంచుతుంది. భారీ వానల రోజుల్లో సంపును ఖాళీ చేసి కడగకూడదని మూత మీదే పెయింటుతో రాయించాం. మూతకు అడుగు ఎత్తు మెడ కట్టించాం, వీధి నీళ్లు మళ్లీ లోపలికి దిగకుండా. ఇంటి మట్టం రోడ్డు మధ్య ఎత్తు కంటే రెండున్నర అడుగుల పైన. సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు వేస్తూ పోతే పదేళ్లలో ఇల్లు గుంతలో పడుతుంది, ఈ కాలనీలో పాత ఇళ్లన్నిటి గతీ అదే.

పరిమాణం లెక్క ఇలా వేశాం. మనిషికి రోజుకు 135 లీటర్లు అనేది మేం వాడే ప్రమాణం. నాలుగు పోర్షన్లలో 14 మంది అనుకుంటే రోజుకు 1,890 లీటర్లు. కుళాయి నీళ్లు రోజు తప్పించి రోజు వచ్చినా, ఒక రోజు రాకపోయినా తట్టుకోవాలంటే నాలుగు రోజుల నిల్వ కావాలి. 6 అడుగులు, 8 అడుగులు, 6 అడుగుల లోతు సంపులో సుమారు 8,000 లీటర్లు పడతాయి. సంపు ఒకటి, మోటారు ఒకటి, పైన ట్యాంకులు నాలుగు, ఒక్కోటి 1,000 లీటర్లు. మోటారు వేస్తే నాలుగూ నిండుతాయి, ఏది నిండితే దాని బాల్ వాల్వ్ మూసుకుంటుంది. ఎవరి ట్యాంకు ఖాళీ అయితే అది వాళ్ల వాడకం. మోటారుకు, మెట్ల లైట్లకు కలిపి ఐదో మీటరు పెట్టాం, దాని బిల్లు నాలుగు వాటాలు. ఒక్క మీటరు, మూడు అదనపు ట్యాంకులు, కొంత పైపు. ఖర్చు పెద్దది కాదు. ఈ ఇంట్లో నీళ్ల మీద ఇప్పటిదాకా ఒక్క మాట కూడా రాలేదంటే కారణం అదే.

పాత సెప్టిక్ ట్యాంకు ఒక్క కుటుంబానికి కట్టింది. దాన్ని పూడ్చి, 14 మందికి సరిపడేది వెనక వాయవ్యంలో, బోరుకు వీలైనంత దూరంగా కట్టాం.

కాగితాలు, డబ్బు

మా వృత్తిలో నాకు ఎప్పుడూ బాధ కలిగించే అలవాటు ఒకటుంది. ఒకే కుటుంబం ఇల్లని ప్లాన్ తీసుకుని, మిగతా వంటగదులను స్టోర్ రూములని చూపించి, తర్వాత పోర్షన్లుగా మార్చేయడం. ఆ తర్వాత బీపీఎస్ (జరిమానా కట్టించుకుని అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే పథకం) ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం. నేను నాలుగు వంటగదులనూ వంటగదులుగానే చూపించాను. పార్కింగ్ అడుగుతారు, అడగనీ, చూపిద్దాం. బ్యాంకు మనిషి వచ్చినప్పుడు, మీటర్లకు దరఖాస్తు పెట్టినప్పుడు, రేపు పిల్లలు పంచుకున్నప్పుడు కాగితం మీద ఉన్న ఇల్లు, నేల మీద ఉన్న ఇల్లు ఒకటే అయి ఉండాలి.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలా అని కొడుకు అడిగాడు. 2016 నాటి కేంద్ర చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, యూనిట్లు ఎనిమిది మించకపోయినా ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇది 200 మీటర్ల స్థలం, నాలుగు యూనిట్లు, పైగా అమ్మేది లేదు. చిన్న ఇళ్లకు చట్టం ఇచ్చిన ఈ వెసులుబాటు చాలామందికి తెలియదు. తెలిసిన కొందరు దాన్ని ప్లాన్ అనుమతే అక్కర్లేదని పొరపాటు పడతారు. ప్లాన్ అనుమతికి ఏ మినహాయింపూ లేదు.

వాటాల సంగతి ఇంతకంటే సున్నితం. ఆస్తి పెద్దాయన స్వార్జితం, ఎవరికి ఎలా ఇచ్చినా ఆయన ఇష్టం. ఆయన కొడుకుకు, కూతురికి సమానంగా ఇవ్వాలన్నారు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు 1986 చట్ట సవరణతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా ఇళ్లలో ఆ మాట అనడానికి ఇంకా గొంతు తడబడుతుంది. ఆయనకు తడబడలేదు. పోర్షన్ల విస్తీర్ణాన్ని బట్టి 240 గజాల్లో భూమి వాటా లెక్క వేసి ఇచ్చాను: పెద్దవాళ్ల పోర్షన్‌కు సుమారు 55 గజాలు, మొదటి అంతస్తులో ఒక్కోదానికి 46, రెండో అంతస్తుకు 92. రెండో అంతస్తు కూతురికి, మొదటి అంతస్తు రెండూ కొడుక్కి. రెండిటికీ దాదాపు సమాన వాటా వచ్చేలా అంతస్తులను అలా చీల్చామన్నది ఆ రోజే వాళ్లకు అర్థమైంది. కింది పోర్షన్ తల్లిదండ్రుల తర్వాత ఇద్దరికీ. వకీలు చేత వీలునామా రాయించారు.

అంచనా 62 లక్షలు. కట్టడానికి అడుగుకు 1,900, పార్కింగ్‌కు 900 చొప్పున వేసిన లెక్క. పూర్తయ్యేసరికి 68 అయింది. మట్టి మెత్తగా ఉండటంతో పునాది ఇంకా లోతుకు వెళ్లాల్సి రావడం, ఇంటి మట్టం పెంచడానికి మట్టి తోలించడం ప్రధాన కారణాలు. పెద్దాయన రిటైర్మెంటు డబ్బు, కొడుకు ఇచ్చింది పోను, కూతురు 25 లక్షల లోను తీసుకుంది. ఇరవై ఏళ్లకు నెలకు 22 వేల చిల్లర ఈఎంఐ. మొదటి అంతస్తు అద్దెలు రెండూ కలిపి 17 వేలు. ఆ అద్దె అమ్మానాన్నల మందులకు, ఇంటి ఖర్చుకు పోవాలని కొడుకే చెప్పాడు. గదులు కట్టి రోజువారీ అద్దెకిద్దామన్న పిల్లవాడే.

పక్కింటాయన

దక్షిణం పక్కింటాయన మొదట్నుంచీ వ్యతిరేకం. "నాలుగు సంసారాలంటే వీధిలో ఎనిమిది బండ్లు" అన్నారు. ఆయన భయం అన్యాయం కాదు. పార్కింగ్ లేని పోర్షన్ల ఇళ్లు ఆ వీధి చివరే రెండున్నాయి. సాయంత్రమైతే అంబులెన్సు దూరడానికి దారుండదు. ప్లాన్ ఆన్‌లైన్‌లో పెట్టకముందే ఆయన ఇంటికి తీసుకెళ్లి టీపాయ్ మీద పరిచాను. ఆయన అడిగినవి రెండు: వాళ్ల పెరట్లోకి కిటికీలు చూడకూడదు, పునాది తవ్వేటప్పుడు ఆయన కాంపౌండ్ గోడ కదలకూడదు. దక్షిణం కిటికీల అడుగును ఐదడుగుల ఎత్తుకు లేపాం. వెలుతురు వస్తుంది, ఎవరూ తొంగి చూడలేరు. గోడ పక్కన పునాదిని ఒకేసారి కాకుండా గుంత తర్వాత గుంతగా తవ్వించి పూడ్చాం. ఆ రెండు వారాలు నేను రోజూ పొద్దున సైటులో ఉన్నాను.

2022 జూన్‌లో, ఆషాఢం రాకముందే పాత ఇల్లు పడగొట్టారు. టేకు తలుపులు, కడప బండలు జాగ్రత్తగా తీయించి మళ్లీ వాడాం. సింహద్వారం ఇప్పుడు పెద్దవాళ్ల పోర్షన్‌కు ఉంది. ముందున్న కొబ్బరి చెట్లలో ఒకటి నిలబెట్టాం. శ్రావణంలో భూమిపూజ. మరుసటి ఏడు అధిక శ్రావణం రావడంతో ఇల్లు సిద్ధమైనా నెల ఆగి, 2023 నిజ శ్రావణంలో గృహప్రవేశం చేశారు.

తప్పినవి

2024 సంక్రాంతికి ముందు పెద్దామె ఫోన్ చేసింది. వాళ్ల పడకగది శ్లాబులో ఒక మూల తడి మరక. పైన మొదటి అంతస్తు వెనక పోర్షన్ బాత్రూం. బాత్రూంలు ఒకదాని మీద ఒకటి అని చెప్పాను కదా, కిందిది 14 అడుగుల వెడల్పుతో నిలువుగా ఉన్న పోర్షన్ కావడంతో ఈ ఒక్క బాత్రూం రెండడుగుల మేర పడకగది మీదికి వచ్చింది. సన్‌కెన్ శ్లాబుకు (పైపుల కోసం కిందికి దించి వేసిన బాత్రూం శ్లాబు) వాటర్‌ప్రూఫింగ్ చేశాక నీళ్లు నింపి మూడు రోజులు నిలబెట్టి చూడాలి. టైల్స్ మేస్త్రీ తొందరపెడితే ఒక్క రాత్రితో సరిపెట్టాను. టైల్స్ పగలగొట్టి, మళ్లీ మొత్తం చేయించి, ఈసారి మూడు రోజులు నీళ్లు నిలబెట్టాం. ఖర్చు నేనే పెట్టుకున్నాను. అద్దెకున్న కుటుంబం పది రోజులు కూతురి బాత్రూం వాడుకున్నారు. ఆ పది రోజుల్లో ఒక్క మాట అనలేదు, నాకు మాత్రం వాళ్ల ముందుకు వెళ్లాలంటే ముఖం చెల్లలేదు. పైవాళ్ల నీళ్లు కిందివాళ్ల తల మీద పడే అవకాశం ఉన్న ఇల్లు కట్టేవాళ్లు ఆ మూడు రోజులు ఆగాలి, ఎవరు తొందరపెట్టినా సరే.

రెండోది, కూతురి వంటగది ఎగ్జాస్ట్‌ను టెర్రస్ మెట్ల గది పక్కకు పెట్టాం. పోపు వాసనంతా ఆరేసిన బట్టలకు పట్టేది. పైపు ఆరడుగులు పొడిగిస్తే తీరిపోయింది.

మూడోది ఇంకా తీరలేదు. టూవీలర్లు. ఐదు అనుకుని జాగా ఉంచాం. ఇప్పుడు ఏడున్నాయి. ముందు పోర్షన్‌లో ఉంటున్న నర్సు దంపతులకు రెండు, వెనక పోర్షన్‌లో యూనివర్సిటీలో చదివే అమ్మాయి, వాళ్ల అమ్మానాన్నలకు కలిపి రెండు, కూతురి ఇంట్లో రెండు, పెద్దాయన పాత స్కూటర్ ఒకటి. ఆయన దాన్ని నడపరు, అమ్మరు. నైట్ డ్యూటీ నుంచి వచ్చేవాళ్లు తమ బండి పెట్టాలంటే ఇంకొకరి బండి జరపాలి. లోపలి కారు తీయాలంటే బయటి కారు తాళం కావాలి, అందుకని రెండు కార్ల తాళాలూ మెట్ల కింద ఒక డబ్బాలో పెట్టుకుంటున్నారు. ఆ పద్ధతి వాళ్లే కనిపెట్టుకున్నారు.

మొన్న వెళ్లినప్పుడు అందరితో కలిసి కొలిచి చూశాం. గేటును మూడడుగులు దక్షిణానికి జరిపి, కాంపౌండ్ గోడ వెంబడి వాలుగా పెడితే రెండు బండ్లు పడతాయి. తులసికోటకు ఇబ్బంది లేదు, ఆమె దగ్గర నిలబడి చూసుకుంది. ఆషాఢం దాటాక ఆ పని మొదలుపెడుతున్నాం.